ట్యాంకు మూత

చిరంజీవి తమ్ముడు సెల్మర్‌కు,

అక్క ఆర్డిస్ దీవెనలు. ఇక్కడ మేము లేస్తున్నాం, తింటున్నాం, పడుకుంటున్నాం. క్షేమమంటే అంతవరకే అనుకో. అలాస్కా చలిలో, ఆ పడవల ఇంజన్ల మధ్య నీ ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నావని నమ్ముతున్నాను.

ఓర్డెల్ బావ సమాధి మీద మట్టి కుదురుకుంది. గడ్డి విత్తనం చల్లాం, మొలిచింది. చావింటికని ఊరివాళ్లు వంటలు చేసి తెచ్చిన పాత్రలు కడిగి, అడుగున అంటించిన పేర్లు చూసి ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను. ఒకదానికి పేరు లేదు. అది పొయ్యి పక్కనే ఉంది. నేనింకా వెర్నా ఇంట్లోనే ఉంటున్నాను, బావ పోయాక తనొక్కతే కదా. మీ చిన్నక్క పెట్టింది తింటుంది, ఏడవదు. నాకూ ఏడుపు రాలేదు. పొద్దున ఇద్దరం ప్రార్థనకు కూర్చుంటాం. నేను చదువుతాను, ఆమె కిటికీలోంచి చూస్తుంది. ఆమెన్ మాత్రం ఇద్దరం కలిసే అంటాం.

ఇక నువ్వడిగిన ఆ గడ్డి కోసే చిన్న ట్రాక్టర్ సంగతి. చర్చి గుట్ట మీద సమాధుల మధ్య గడ్డి కోయడం ఆ ఇంటి వంతు కదా. బావ పోయాడు, ఇంకెవరికైనా అప్పగిద్దామంటే వెర్నా ఒప్పుకోలేదు. తానే కోస్తానంది, ఆ బండితోనే. గుట్ట సగంలో బలం చాలక నిలబడిపోయిన బండి అది. బావ దిగి, న్యూట్రల్‌లో పెట్టి, భుజం ఆనించి తోస్తూ తోస్తూ గుండె ఆగి దాని మీదే ఒరిగిపోయాడు. దాని మీద చెల్లిని ఊరికే ఎలా ఎక్కించను? అందుకే నీకు రాశాను.

ఇంజనే నీరసపడుతోందా, ఇంజన్ బాగానే ఉండి చక్రాలే తిరగడం లేదా అని అడిగావు. ఇంజనే. చదును మీద పాడుకుంటూ పోతుంది. గుట్ట మొదట్లో కూడా బాగానే ఉంటుంది. సగానికి వచ్చేసరికి ఊపిరందని మనిషిలా గొంతు తగ్గుతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. గాలి ఫిల్టర్ దులిపాను. స్పార్క్ ప్లగ్ మార్చాను. పెట్రోలు గొట్టం నలిగిందేమో తడిమి చూశాను, నలగలేదు. పక్కింటి లైల్ గట్టు మీద నిలబడి, "గుట్ట ఎక్కవే అంటే ఇది కొండెక్కిందేమిటమ్మా ఆర్డిస్" అన్నాడు. అనేశాక బావ గుర్తొచ్చినట్టుంది, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నవ్వాల్సిన మాటేనని తెలిసింది. నవ్వు రాలేదు.

నీ పడవల సంగతి, దొరికిన కొత్త గది సంగతి రాశావు. సంతోషం. గదిలో తడి చేరనివ్వకు.

నువ్వడిగిన ఆఖరి ప్రశ్నకు జవాబు ఇంతసేపూ రాయలేదు. బండి ఆగిన చోటే ట్యాంకు మూత తిప్పితే గాలి లాగిన చప్పుడు వస్తుందా అని. వస్తుంది. బుస్సుమంటుంది. మూత తిప్పగానే బండి బాగుపడుతుంది.

మూత మీద రొట్టె వచ్చే ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది సెల్మర్. రెండు మడతలు పెట్టి, చుట్టూ రబ్బరు బ్యాండ్లు బిగించి. వాన నీళ్లు పెట్రోల్లో దిగకుండా. మూతకున్న సన్నని బెజ్జంలోంచి ట్యాంకులోకి గాలి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుందని రాశావు. ఆ బెజ్జం మూసుకుపోయింది. చదును మీద ఎలాగో సరిపోయింది, గుట్ట మీద చాల్లేదు.

ఎవరు కట్టారో చెప్పనక్కర్లేదు. మంచులోకి పోయేప్పుడు అమ్మ మన కాళ్లకు ఆ సంచులే తొడిగి బూట్లు వేసేది. కడిగి ఆరేసి మళ్లీ తొడిగేది. ఆ ఇంట్లో పుట్టిన ఆడదెవరైనా ఓ మూతను వానలో చూస్తే అదే చేస్తుంది. నేనైనా చేసేదాన్ని. బావ పెట్రోలు పోసిన ప్రతిసారీ ఆ సంచి విప్పి, మళ్లీ భద్రంగా కట్టి ఉంటాడు, వెర్నా కట్టింది కాబట్టి.

నేను దాన్ని విప్పి పొయ్యిలో వేశాను. మర్నాడు చూస్తే ఇంకొకటి కట్టి ఉంది. "గాలికి ఎగిరిపోయినట్టుందక్కా, గట్టిగా కట్టాను" అంది. ఆమె లోపలికి వెళ్లాక కుట్టు సూదితో సంచికి పైనుంచి, పక్కనుంచి బెజ్జాలు పొడిచాను. దగ్గరగా చూస్తే తప్ప కనపడవు. ఆమె ఎప్పుడు మార్చినా నేను మళ్లీ పొడవాలి. చక్రాలను తిప్పే బెల్టు కూడా మార్చాను. పాతది అరిగిందే గాని తెగలేదు. అయినా మార్చాను, చెప్పడానికి ఓ మాట కావాలి కదా.

శనివారం వెర్నా గుట్టెక్కింది. నేను కింద చర్చి మెట్ల మీద కూర్చుని ప్రార్థించాను. బండి ఎక్కడా ఆగలేదు. బావ సమాధి చుట్టూ కూడా కోసింది. కిందికి వచ్చి ఇంజన్ ఆపింది గాని సీటు మీంచి దిగలేదు.

"ఎక్కిందక్కా" అంది. స్టీరింగు వదలకుండానే, "మరి ఆయనకెందుకు ఎక్కలేదు?" అంది.

"పాత బండి కదే. బెల్టు జారేది. మార్చాను" అన్నాను.

నా మొహంలోకి చాలాసేపు చూసింది. సెల్మర్‌ను అడుగుతాను, వాడికి తెలుస్తుంది అంది.

వచ్చే ఆదివారం నీకు ఫోన్ చేస్తుంది. అబద్ధ సాక్ష్యం పలకకూడదని మన చర్చి నేర్పిన ఎనిమిదో ఆజ్ఞ నాకూ వచ్చు తమ్ముడూ. రోజూ మోకాళ్ల మీద దాని గురించే అడుగుతున్నాను, జవాబు రాలేదు. తన మొగుణ్ని తన చేతులారా పోగొట్టుకుందన్న మాట మాత్రం ఆమె చెవిన పడకూడదు. ఫోన్ ఎత్తకుండా ఉండకు, పసిగట్టేస్తుంది. బెల్టని చెప్పు. నీళ్లు నమలకు, నీకా అలవాటుంది. ఒక్క ముక్కలో చెప్పి, భోజనం చేశావా చిన్నక్కా అని అడుగు.

ఆ పాపం నీ మీద వేసుకోవద్దు. రేపు పైన నిన్నెవరైనా అడిగితే నా పేరు చెప్పు.

ఇట్లు,
నీకు ఈ వయసులో అబద్ధం నేర్పుతున్న
పెద్దక్క ఆర్డిస్