మేలుకోని బోర్డు

జూలై 8, కరీంనగర్

జైనూర్ నుంచి ఫోన్. మా కంపెనీ చేసిన ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టిన అంబులెన్స్‌లో పాముకాటు మందు వేడెక్కిపోయిందట. పత్తి చేనులో ఐలవ్వ అనే ఆమెను పాము కరిచింది. నర్సు బ్లెస్సీ మందును చల్లగా ఉంచే డబ్బా తెరిచి, థర్మామీటర్ చూసి, సీసా పక్కన పెట్టేసిందట. ఆదిలాబాద్ దాకా తీసుకుపోవాల్సి వచ్చింది. ఘాట్ రోడ్డు, వాన. ఐలవ్వ ఐసీయూలో ఉంది.

జూలై 9

డ్రైవర్ బెన్నీని అంబులెన్సులు నడిపే ట్రస్టు వాళ్లు డ్యూటీ నుంచి ఆపేశారు. డబ్బా స్విచ్ బంద్ చేశాడని అనుమానం. ఫోన్ చేశాను. "నేను దాన్ని ముట్టనే ముట్టలే మేడమ్. బండి పెట్టి తలుపేసిన. వానకోటు మర్చిపోయిన్నని జర సేపటికి మళ్ల తీసిన. గంతే" అన్నాడు.

మా ఎండీ సంతోష్‌రావు సార్ రిపోర్ట్ అడిగారు. "డ్రైవర్ మిస్టేక్ అని రాసెయ్యమ్మా, పరేషాన్ కాకు" అన్నారు. ట్రస్టు మిగతా అంబులెన్సులకూ మా బోర్డులు పెట్టే ఆర్డర్ ఈ నెల్లోనే తేలాలి.

జూలై 11

ఆ బోర్డులో కోడ్ నాది.

బండి ఆగితే బ్యాటరీ తినకుండా బోర్డుకు మెదడులాంటి మైక్రోకంట్రోలర్ కూలింగ్ ఆపి నిద్రపోతుంది; మూసిన డబ్బా కొన్ని గంటలు చల్లగానే ఉంటుంది. ట్రాన్సీవర్ అనే చిన్న చిప్ మాత్రం బండి వైర్లను వింటూ ఉంటుంది. తలుపు తీస్తే వైర్ల మీద మెసేజ్ వస్తుంది. ట్రాన్సీవర్ మైక్రోకంట్రోలర్‌కు కలిపిన తన లైన్‌ను కిందికి లాగుతుంది, అంటే అందులో వోల్టేజీ తగ్గిస్తుంది. లైన్ పడటం చూసి మైక్రోకంట్రోలర్ లేచి డబ్బా కూలింగ్ ఆన్ చేయాలి.

పొద్దుట్నుంచి టేబుల్ మీద బోర్డు పెట్టుకుని, నిద్రపుచ్చడం, మెసేజ్ పంపడం. ప్రతిసారీ లేచింది. ప్రతిసారీ.

బెన్నీ అబద్ధం చెప్పాడేమో అనుకున్నాను. సిగ్గేసింది. అయినా అనుకున్నాను.

జూలై 12

ఐలవ్వ ప్రాణం నిలిచింది. కుడిచేతి వేళ్లు రెండు తీసేశారు.

జూలై 13

దొరికింది.

"జర సేపటికి మళ్ల తీసిన" అన్న మాట నన్ను వదల్లేదు. ఇప్పటిదాకా బోర్డు పూర్తిగా నిద్రపోయాకే లేపి చూశాను. ఇవాళ అది నిద్రలోకి జారుతున్న క్షణంలోనే మెసేజ్ పంపాను. లేవలేదు. మళ్లీ పంపాను. లేవలేదు. ఇక ఎన్ని పంపినా లేవలేదు. బెన్నీ వానకోటు కోసం తలుపు తీసింది సరిగ్గా ఇలాంటి క్షణంలోనే.

ట్రాన్సీవర్ అప్పటికే లైన్‌ను కిందికి లాగి పట్టుకుంది. ఆ తర్వాత మైక్రోకంట్రోలర్ నిద్రపోయి, లైన్ ఎప్పుడు పడుతుందా అని కాచుకుని ఉంది. పడిపోయిన లైన్ మళ్లీ ఎలా పడుతుంది?

నిద్రపోయే ముందు లైన్ అప్పటికే పడి ఉందేమో ఒక్కసారి చూసుకోమని రాస్తే చాలు. రెండు వరుసల కోడ్.

జూలై 15

రిపోర్ట్‌లో తప్పు కోడ్‌దని, కోడ్ రాసింది నేనని, బెన్నీ తప్పేమీ లేదని రాశాను. సార్ చదివారు. "గిది పంపితే ఆర్డర్ పోతది. నీ నౌకరి నేను కాపాడలేను మధులికా" అన్నారు. అప్పటికే ట్రస్టుకు మెయిల్ కొట్టేశాను. ఆ సంగతి ఆయనకు చెప్పాను.

జూలై 17

ఆర్డర్ ఆగింది. జైనూర్ వెళ్లి కోడ్ మార్చి రమ్మన్నారు సార్. ఆ తర్వాత నా ఉద్యోగం సంగతి ఎవరూ చెప్పడం లేదు. నేను అడగడం లేదు.

జూలై 26, జైనూర్

బెన్నీ డ్యూటీలో ఉన్నాడు. కట్టు మార్పించుకున్న ఐలవ్వను ఇంటికి దింపుతుంటే నేనూ బండెక్కాను. ఆ బోర్డు చేసింది నేనేనని చెప్పాను. ఆమె నన్ను చూసింది. "గా డబ్బ గిప్పుడు సల్లగున్నదా బిడ్డా?" అని అడిగింది. మూత తెరిచాను. కట్టు లేని ఎడమచేతిని లోపల పెట్టింది. ఊరొచ్చేదాకా తీయలేదు.