కాజీపేటలో దిగను

సుబేదారి,
1966 ఆగస్టు 8

ప్రాణమైన అమ్మకు,

నీ కళావతి దండాలు. ఏడేళ్లకు నీకు ఇది మొదటి ఉత్తరం. తిట్టుకుంటూ అయినా చివరిదాకా చదువు. నువ్వు మనుషులను గుర్తుపట్టే స్థితిలో లేవని బాపు చెబితే ఇన్నాళ్లూ నమ్మాను. నిన్న మన దుకాణంలో పాత చీటీలు గుచ్చిన తీగ దులుపుతుంటే పట్నం పిచ్చి దవాఖాన నుంచి వచ్చిన కార్డులు రెండు దొరికాయి. "సరస్వతికి నయమైంది, వచ్చి తీసుకుపోండి" అని. మొదటిది మూడేళ్ల కిందటిది. బాపును నిలదీశాను. "నీ పెండ్లి అయినంక తెద్దామనుకున్న బిడ్డా. బజార్ల ఏమంటరోనని ఫికరైంది" అని తల దించుకున్నాడు. ఆయన్ని అనడానికి నాకు మాత్రం ఏం హక్కుంది? నా పెళ్లిలో అమ్మేదని అడిగిన వాళ్లందరికీ కాశీలో ఉందని చెప్పింది నేనే.

ఈ పొద్దున మా ఆయన భాస్కర్‌తో అంతా చెప్పేశాను. "ముందుగాల అత్తమ్మను తీస్కొద్దాం పా" అన్నాడు. ఎంత గర్వంగా అనిపించిందో. వచ్చే ఆదివారం ఇద్దరం వస్తున్నాం. సాయంత్రం బండెక్కి వరంగల్ దాకా పోకుండా ముందే కాజీపేటలో దిగితే బజారు దారి తగలదు. ఖాజా పాషా రిక్షాకు పరదా ఉంది, మాట్లాడి పెట్టాను. ఎవరి కంటా పడకుండా మా ఇంటికి చేరిపోవచ్చు. ఇక నా దగ్గరే ఉందువు.

నీ బిడ్డ
కళావతి


హైదరాబాదు,
ఆగస్టు 11

బంగారు తల్లీ కళావతీ,

నీ ఉత్తరం వార్డులో అందరికీ చదివి వినిపించాను. మాత్రల వల్ల చెయ్యి కాస్త వణుకుతుంది, అక్షరాలు వంకరపోతే సర్దుకో. నేను వచ్చిన కొత్తలో వార్డుకు పగలు కూడా తాళం ఉండేది. ఇప్పుడు పగలంతా తలుపు తెరిచే ఉంటుంది. మాత్రలు వేసుకుంటాం, మిషను మీద బట్టలు కుడతాం. కొత్తగా వచ్చి బెదిరిపోయే ఆడవాళ్ల పక్కన కూర్చునే పని డాక్టరమ్మ నాకే అప్పగించింది. నేను పక్కన ఉంటే మందు తొందరగా పనిచేస్తుందని నవ్వుతుంది.

మూడేళ్లు గేటు వైపు చూసి ఏడ్చాను, దాచను. మీ బాపు మీద కోపం అలాగే ఉంది, వచ్చాక ఆయన ఎదుటే తీర్చుకుంటాను. నీ మీద లేదు. కానీ పరదా రిక్షా మాట చదివి ఒళ్లు మండింది. నేనేం దొంగతనం చేసి వస్తున్నానా? జబ్బు చేసింది, తగ్గింది.

పొద్దున బండికే వస్తాను. కాజీపేటలో దిగను. వరంగల్ స్టేషన్లో దిగి, చౌరస్తా మీదుగా, మన దుకాణం ముందు నుంచి నడిచి వస్తాను. ఎందుకో విను. కిందటి నెల మన వరంగల్ నుంచే ఒకామెను తెచ్చారు. నాలుగేళ్లు వెనక గదిలో పెట్టి తాళం వేశారట. ఆమె అన్నను అడిగితే, "ఇది నయమైతదని మాకెవరు చెప్పలేదు అమ్మా" అన్నాడు. ఎవరు చెప్తారు? నయమైన వాళ్లను మనం కాశీకి పంపించేస్తుంటిమి.

బజారులో ఎవరైనా "ఇన్నేండ్లు ఏడున్నవ్ అక్కా" అని అడిగితే నువ్వు నోరు మెదపకు. పిచ్చి దవాఖానలో ఉన్నాను, నయమై వచ్చాను అని నేనే చెప్తాను. ఇంట్లో మనిషిని పెట్టి తలుపుకు తాళం వేసిన వాళ్లు ఒక్కరైనా ఆ మాట విని నన్ను వెతుక్కుంటూ వస్తారు. వాళ్లకు ఏ రైలెక్కాలో చెప్పాలి.

మీ అమ్మ
సరస్వతి