ఆగని మిషన్‌ను తిరిగి అప్పగించనందుకు

మండల వ్యవసాయాధికారి గారి సముఖమునకు,
మార్టూరు దాపున మిరప, మొక్కజొన్న సాగు చేసుకొను బొల్లా వెంకటరావమ్మ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కంచె గుంజలు దిగగొట్టు పెట్రోలు మిషన్‌ను మరమ్మతు చేయించు వరకు ఎవరికీ అద్దెకు ఇవ్వకుండా ఆపించుట, నాపై ఇచ్చిన దొంగతనం ఫిర్యాదు గురించి.

1. అడవిపందులు మొక్కజొన్న పాడుచేస్తున్నందున కంచె వేయదలచి, మా ఊరి పరికరాల అద్దె కేంద్రం నుండి సదరు మిషన్‌ను తెచ్చుకున్నాము. ఇనుప గుంజ తలమీద దీని గొట్టం తొడిగి, ఇద్దరు చెరో పిడి పట్టుకుని మీట నొక్కితే, గుంజను భూమిలోకి కొడుతుంది. మీట వదిలితే నెమ్మదించాలి. స్విచ్ నొక్కితే ఆగాలి.

2. ఇచ్చిన రోజునే స్విచ్ విరిగి, టేపు చుట్టి ఉన్నది. ఎలా ఆపాలని నా భర్త వీరబాబు అడగగా, కేంద్రం నడుపు కోటిలింగం గారు, "ఆగకపోతే పెట్రోలు అయిపోయేదాకా పట్టుకోండి, అదే ఆగుద్ది" అని సెలవిచ్చారు. హెల్మెట్, చేతి తొడుగులు, చెవులకు పెట్టుకునేవి ఏవీ ఇవ్వలేదు. నడిపి చూపించనూ లేదు.

3. మొదటి గుంజలు బాగానే దిగాయి. గట్టు వైపు గుంజకు లోపల రాయి తగిలి ఒరిగింది. నా భర్త తన పిడి వదిలి, దాన్ని నిటారుగా తోయబోయాడు. మీట ఇరుక్కుపోయినందున మిషన్ కొడుతూనే ఉంది. గొట్టం అంచుకూ, గుంజకున్న తీగ కొక్కేనికీ మధ్య ఆయన వేళ్ళు పడ్డాయి. రెండో పిడి పట్టుకున్న పక్కచేను ఏసోబు వదిలేస్తే బరువంతా ఆ చేతిమీదే పడేది. అతడు వదల్లేదు. అయ్యా, ఆ మోతలో నా భర్త కేక నాకు వినబడలేదు. నోరు తెరవడం మాత్రం చూశాను. పరుగున వెళ్ళి పెట్రోలు కుళాయి కట్టేశాను. కట్టేసిన తర్వాత కూడా, లోపల మిగిలింది అయ్యేదాకా అది కొట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. దీన్ని ఇంతకన్నా పద్ధతిగా రాయడం నాకు చేతకాదు.

4. గుంటూరు ఆసుపత్రిలో ఆయన కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు.

5. కోటిలింగం గారు చూడటానికి రాలేదు గానీ, మర్నాడు గుల్షన్ వాళ్ళ చేనుకు ఇవ్వాలని మిషన్ కోసం ఫోను చేశారు. బాగుచేయిస్తారా అని అడిగాను. "మీ ఆయనకి పట్టుకోవడం రాలేదమ్మా. మిషన్‌కేం రోగం?" అన్నారు. గుల్షన్ నాతోపాటు మిరపకోతకు వచ్చే మనిషి. దాన్ని పట్టుకోవలసింది ఆమే, వాళ్ళాయనే. అందుకని ఇవ్వనన్నాను. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. నన్ను దొంగనని రాసుకుంటే రాసుకోనివ్వండి. గుల్షన్ చేతులు గుల్షన్‌కి ఉంటే చాలు.

కావున మెకానిక్ చేత మీట, స్విచ్ బాగుచేయించి, తీసుకెళ్ళే ప్రతివారికీ నడిపీ ఆపీ చూపించిన పిమ్మటే ఇచ్చునట్లు ఉత్తరువులు ఇప్పించగలరు. ఈ సంగతులన్నీ చిత్తగించి, తమరు ఒకసారి మా ఇంటికి దయచేయవలెను.

తమ విధేయురాలు,
బొల్లా వెంకటరావమ్మ

తా.క. ఇది మడిచేలోపే కోటిలింగం గారు ఆటో వేసుకుని వచ్చారు. నేను మిషన్‌ను వాకిట్లోకి ఈడ్చి, "ఒక్కసారి స్టార్టు చేసి, ఆపి చూపించండి. ఇచ్చేస్తాను" అన్నాను. ఆయన స్టార్టు చేసే తాడు పట్టుకున్నారు. చాలాసేపు అలాగే పట్టుకున్నారు. లాగలేదండి. ఖాళీ ఆటో వెళ్ళిపోయింది.