పల్చని చోటు

జూన్ 3, సోమవారం

కొత్త స్కానర్ బిగించడం పూర్తయింది. పాత స్కానర్లు మెదడు రక్తనాళాల్లో పారే రక్తాన్నే చూపిస్తాయి. ఇది నాళం గోడని కూడా చూపిస్తుంది, ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పల్చగా ఉందో. ఆ బొమ్మల నుంచి అచ్చం అలాంటి నాళాన్నే మెత్తటి ప్లాస్టిక్‌తో ప్రింట్ చేయడం నా పని. సర్జన్లు మనిషి తల తెరవకముందే నా మోడల్ మీద రిహార్సల్ చేసుకుంటారు.

మెషిన్‌ని సరిచూసుకోవడానికి ఏ జబ్బూ లేని మనిషి ఒకరు కావాలి. అక్కని అడిగాను. అక్క డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. రోజంతా కొత్తవాళ్ళు నడిపే కార్లో పక్క సీట్లో కూర్చుని సాయంత్రానికి క్షేమంగా ఇంటికొచ్చే మనిషికి ఇదొక లెక్కా. అరగంట కదలకుండా పడుకోవాలక్కా అంటే, అరగంట నన్నెవరూ పలకరించని చోటు ఉందని ఇన్నాళ్ళూ ఎందుకు దాచావే అంది.

జూన్ 5, బుధవారం

రాద్దామంటే చెయ్యి ఆడడం లేదు.

అక్క పొద్దున్నే వచ్చింది. చెవిపోగులు తీసి నా కోటు జేబులో వేసింది. మెషిన్ లోపలికి వెళ్ళాక కూడా నోరు ఊరుకోలేదు. మెషిన్ టకటకలు మొదలవగానే, ఒసేయ్, పక్కింట్లో ఎవరో గోడకి మేకులు కొడుతున్నారే, వెళ్ళి చెప్పవే అని మైకులో నస. నేను నవ్వుతూ స్క్రీన్ చూస్తున్నాను. నవ్వుతూనే చూశాను. ఎడమవైపు నాళం రెండుగా చీలేచోట చిన్న బుడగ. అన్యూరిజం. ఇలాంటివి ఎన్నో ప్రింట్ చేశాను, గుర్తుపట్టడానికి నాకు డాక్టరు అక్కర్లేదు. బుడగ పక్కన ఒకచోట గోడ ఉందా లేదా అన్నంత పల్చగా ఉంది.

మైకులో అక్క, ఏంటే మాట్లాడవు, నిద్రపోయావా అంది. అయిపోవచ్చిందక్కా అన్నాను.

బయటికొచ్చి చెవిపోగులు అడిగింది. ఇస్తుంటే ఒకటి జారి కింద పడింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని వెతికాం. అక్క తల నా తల పక్కనే. అది ఇంత దగ్గర్లో ఉంది అనుకున్నాను. వంగకక్కా అని అరిచాను. ఎందుకలా అరిచావే అని నా మొహంలోకి చూసింది.

జూన్ 7, శుక్రవారం

సర్జనుగారు అక్కకీ బావకీ చెప్పారు. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. అది జీవితాంతం ఇలాగే ఉండిపోవచ్చు, ఏదో ఒకరోజు పగలనూవచ్చు, పగిలితే మాత్రం మనకి టైము ఉండదు అన్నారు. పుర్రె కొంచెం తెరిచి, బుడగ మొదట్లో క్లిప్ పెట్టి రక్తం అందులోకి వెళ్ళకుండా మూసేయొచ్చన్నారు. చూస్తూ ఊరుకోవడం కూడా ఒక దారేనని, కానీ దీని ఆకారం తనకి నచ్చలేదని చెప్పారు.

బావ ఒక్కటే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు. తలనొప్పి కూడా లేదు కదండీ అని. అక్క మాత్రం, నేను కారు నడపొచ్చా డాక్టరుగారూ అంది. ప్రస్తుతానికి వద్దన్నారు ఆవిడ. అప్పుడు వాడింది అక్క మొహం.

లిఫ్టులో అక్క నా చెయ్యి పట్టుకుని, నువ్వు పిలవకపోతే నాకసలు తెలిసేదే కాదు కదే అంది. తిట్టిందో, మెచ్చుకుందో తెలియలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

జూన్ 8, శనివారం

అక్క గట్టిగా తుమ్మింది. నేనూ బావా ఇద్దరం లేచి నిలబడిపోయాం.

జూన్ 11, మంగళవారం

సొంతవాళ్ళ కేసు చేయకూడదని రూలు. ఈ సాఫ్ట్‌వేర్ తెలిసిన ఇంకొకతను సెలవులో ఉన్నాడు. నేనే చేశాను.

అక్క పుర్రెని ప్రింట్ చేశాను. నుదురు చూస్తే చాలు, అక్కదని తెలిసిపోతుంది. గుడ్డ కప్పి రిహార్సల్ గదికి తీసుకెళ్ళాను. లోపల నాళాలు బిగించి ఎర్ర నీళ్ళు పంపుతో వదిలితే బుడగ కొట్టుకోవడం మొదలుపెట్టింది. బఠాణీ గింజంత ఉంది. సర్జనుగారు మైక్రోస్కోప్ దగ్గర కూర్చుని, ఆవిడకి బాగా అలవాటైన దారిలో, ముందువైపు నుంచి వెళ్ళారు. క్లిప్ అంచు ఆ పల్చని చోటుని రాసుకుంది. అంతే. ఎర్ర నీళ్ళు చిమ్మి మైక్రోస్కోప్ అద్దం మీద పడ్డాయి.

ఇంకో మోడల్ బిగించాను. అదీ పగిలింది. అక్కడే.

అవి నీళ్ళని నాకు తెలుసు. రంగు కలిపింది నేనే. అయినా బాత్రూంకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

తిరిగొచ్చేసరికి సర్జనుగారు గ్లౌజులు తీస్తున్నారు. ఈ పల్చని చోటు నిజంగా ఉందా, లేక మీ మెషిన్ పొరపాటా అని అడిగారు. తెలియదన్నాను. మెషిన్ కొత్తది. చూపిస్తున్నది నిజమో కాదో తల తెరిస్తే తప్ప తెలియదు.

జూన్ 12, బుధవారం

బావ ల్యాబ్‌కి వచ్చాడు. కారిడార్‌లో కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు, తాగలేదు. శుక్రవారం రిహార్సల్ అక్క స్వయంగా చూస్తానంటోందట. సర్జనుగారు సరే అన్నారట. తన కళ్ళముందు పగిలితే మాత్రం ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు, మళ్ళీ కారెక్కి తన పని తను చేసుకుంటానని తెగేసి చెప్పిందట. బావ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఈసారి పగలకుండా చూడమ్మా అన్నాడు.

మోసం చెయ్యమని కాదు. దేవుడికి మొక్కుకోవడానికి బదులు నాకు మొక్కుకున్నాడు, అంతే.

జూన్ 13, గురువారం

సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ ఉంది. గోడలో ఎగుడుదిగుళ్ళుంటే సాపు చేస్తుంది. మనిషి కదిలి స్కాన్‌లో లేనిపోని చెత్త పడినప్పుడు వాడతాం. ఇది కూడా చెత్తే అయ్యుండొచ్చు. అక్క మాట్లాడుతూ కదిలింది కదా. కొత్త మెషిన్ కదా. నాకు నేనే వకీలుని పెట్టుకున్నాను.

నొక్కాను. పల్చని చోటు మాయమైంది.

జూన్ 14, శుక్రవారం

పగల్లేదు.

అక్క రిహార్సల్ గది అద్దాల గోడ వెనక, కుర్చీ అంచున కూర్చుని చూసింది. సర్జనుగారు ముందువైపు నుంచే వెళ్ళారు. క్లిప్ మెత్తగా పడింది. బుడగ కొట్టుకోవడం ఆగిపోయింది. బావ చప్పట్లు కొట్టాడు. అక్క నన్ను వాటేసుకుని, నా బుర్రలో ఉన్నది అంత చిన్నదేనా, దానికా ఇంత గోల అంది.

సర్జనుగారు, అయితే ఆ పల్చని చోటు మెషిన్ పొరపాటే, అసలు ఆపరేషన్‌కీ ఇదే దారి అన్నారు. 24న చేస్తారు.

నేను సాపు చేసింది మోడల్‌ని, అక్క తలని కాదు. ఇదే దారి.

జూన్ 15, శనివారం

చెప్పాలి.

జూన్ 16, ఆదివారం

చెప్పలేదు. అక్క ఇంటికి వెళ్ళాను. ఆసుపత్రికి బ్యాగు సర్దుకుంటోంది. ఎలాగూ గుండు కదా, ముందే కత్తిరించుకుంటానని తన చేత్తో తనే జుట్టు కత్తిరించుకుంది. ఎగుడుదిగుడుగా వచ్చింది. సరిచెయ్యవే అని కత్తెర నా చేతికిచ్చింది. ఎడమ చెవి పైన కత్తిరిస్తుంటే ఆ చర్మం కింద, ఆ ఎముక కింద ఏముందో నాకు కనిపిస్తూనే ఉంది. కత్తెర బల్ల మీద పెట్టేసి, పనుందని వచ్చేశాను.

జూన్ 17, సోమవారం

చెప్పేశాను. సర్జనుగారి గదిలో, నిలబడే. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. నిజానికి అది గుర్తుకు కూడా రాలేదు.

ఆవిడ కిటికీ వైపు తిరిగి తన కుడిచేతిని తనే చూసుకున్నారు. నేను ఆ దారినే వెళ్ళేదాన్ని కదమ్మా అన్నారు. కేకలు వేసినా బాగుండేది.

తర్వాత, ఇకముందు నీ పని ఇంకొకరు సరిచూశాకే నాకు ఇవ్వు అన్నారు. నన్ను భయపెట్టే మోడలే చేసివ్వు, ఎన్ని కావాలంటే అన్ని పగలగొట్టుకుంటాను అన్నారు. తలుపు దగ్గరికి వచ్చాక వెనక్కి పిలిచి, మీ అక్కకి మాత్రం నువ్వే చెప్పాలి, నేను చెప్పను అన్నారు.

సాయంత్రం

అక్క మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. బ్రేకు సరిగా పడని బండి నా స్టూడెంట్‌కి ఇచ్చి, అంతా బాగానే ఉంది పోనివ్వమ్మా అంటే నన్నేమంటావే అని అడిగింది. నువ్వు వద్దంటావేమోనని భయపడ్డానక్కా అన్నాను. వద్దంటే అది నా తల, నా ఇష్టం, నా తలని నువ్వు సర్దడమేంటి అంది. గొంతు పెంచలేదు. బావ ఏదో అనబోతే చేత్తో ఆపింది. ఇంటికెళ్ళు అంది.

జూన్ 18

అక్క ఫోన్ ఎత్తలేదు.

జూన్ 19

ఎత్తలేదు. సెలవులో ఉన్నతన్ని వెనక్కి పిలిపించారు. ప్రతి మోడల్ అతను స్కాన్ పక్కన పెట్టి సరిచూశాకే బయటికి వెళ్తోంది. సర్జనుగారు వెనకవైపు నుంచి వెళ్ళి చూస్తున్నారు. ముందుగా బుడగకి రక్తం తెచ్చే కింది నాళానికి తాత్కాలికంగా ఇంకో క్లిప్ పెట్టి, బుడగలో ఒత్తిడి తగ్గించి, అప్పుడు అసలు క్లిప్. ఆ దారిలో ఆవిడ చెయ్యి ఇంకా తడబడుతోంది. పగులుతూనే ఉన్నాయి.

జూన్ 21, శుక్రవారం

అద్దం వెనక కుర్చీలో అక్క. ఎవరూ పిలవలేదు. వచ్చేసి కూర్చుంది. నన్ను చూడలేదు.

మొదటిది పగిలింది. ఎర్ర నీళ్ళు బల్ల అంచు నుంచి కారుతుంటే అక్క కళ్ళు మూసుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. మైకు బటన్ ఎక్కడుందో వెతుక్కుని నొక్కి, ఇంకోసారి చూడండి డాక్టరుగారూ, కంగారేం లేదు అంది. స్టూడెంట్‌కి చెప్పినట్టే. రెండోది నిలిచింది. ఆ తర్వాతది కూడా. సర్జనుగారు ఆపలేదు. ఉన్నవన్నీ అయిపోయేదాకా చేశారు.

వెళ్ళేటప్పుడు అక్క నా పక్కన ఆగి, చేయించుకుంటాను అంది. పగలడం చూశాను కాబట్టే చేయించుకుంటాను, అర్థమైందా అంది. తల ఊపాను. అక్క నా చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

జూన్ 24, సోమవారం, ఉదయం

తీసుకెళ్ళారు. స్ట్రెచర్ మీద నుంచి, ఏడవకే, ముక్కు ఎర్రబడి కోతిలా ఉన్నావు అంది. అదే క్షమించడం అనుకోవాలి.

మధ్యాహ్నం

ఏ కబురూ లేదు. బావ కుర్చీలో కూర్చునే కాలు ఆడిస్తున్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం లేస్తున్నాం. ఎవరో వాళ్ళ మనుషుల కోసం వస్తున్నారు, మళ్ళీ కూర్చుంటున్నాం. లోపల ఆ నాళంలో పారేది నేను కలిపిన రంగు కాదు.

సాయంత్రం

సర్జనుగారు టోపీ తీసేసి వచ్చారు. బతికింది. బావ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

నన్ను పక్కకి పిలిచారు. పల్చని చోటు అక్కడే ఉందమ్మా, మీ మెషిన్ చెప్పిన చోటే అన్నారు. గోడలోంచి రక్తం సుడి తిరగడం మైక్రోస్కోప్‌లో కనిపించిందట. ముందునుంచి వెళ్ళి ఉంటే అని మొదలుపెట్టి ఆపేశారు.

జూన్ 27, గురువారం

అక్కకి మాటలు తారుమారవుతున్నాయి. మంచినీళ్ళు కావాలంటే తాళాలివ్వండి అంటుంది. ఇస్తే కాదని విసుక్కుంటుంది. బావ పేరు బాగానే పలికింది. నన్ను చూసి చాలాసేపు ఆలోచించి, మేకులు అంది. వాపు తగ్గితే చాలావరకు సర్దుకుంటుందంటున్నారు. చాలావరకు అంటే ఎంతవరకని నేను అడగలేదు.

జులై 6, శనివారం

ఇవాళ మంచినీళ్ళని మంచినీళ్ళు అంది. బావ గ్లాసు నింపి, ఇంకోటి కూడా నింపాడు.

డిశ్చార్జి కాగితాలు ఇస్తూ సర్జనుగారు, ఇవి కొన్ని కుటుంబాల్లో వస్తుంటాయి, తోబుట్టువులు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిది అన్నారు. అందరూ ఒకేసారి నా వైపు చూశారు.

జులై 9, మంగళవారం

ఇవాళ స్కానర్‌లో నేను పడుకున్నాను. లోపల నిజంగానే ఎవరో మేకులు కొడుతున్నట్టుంది. కదలకూడదు. ఊపిరి కూడా గట్టిగా పీల్చుకోలేదు. కన్సోల్ దగ్గర, నా మోడల్స్ సరిచూసినతను మైకులో ఏదో అంటున్నాడు. మధ్యలో ఆపేశాడు. ఎందుకు ఆపేశాడో తెలియదు. బయటికొచ్చి అడిగితే, దగ్గొచ్చింది అన్నాడు.

నా స్కాన్ ఫైల్ నా కంప్యూటర్‌లోనే ఉంది. తెరవలేదు.

జులై 10

అక్క తలకి స్కార్ఫ్ కట్టుకుని వచ్చి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. తెరిచాను. ఏ బుడగా లేదు. అక్క నమ్మలేదు, మళ్ళీ చూపించు అంది. మళ్ళీ మొదటి నుంచి చూపించాను. సాపు చేశావా అని అడిగింది. లేదక్కా అన్నాను. ఒట్టు వెయ్యమంది. వేశాను. అయినా ఇంకోసారి చూపించమంది.