ఇంకో భూమి

16-6-68, పాతపట్నం
విజయనగరంలో పాత కాగితాల కొట్లో ఒక అమెరికన్ కామిక్ దొరికింది. అట్ట లేదు. ముసుగు వీరుడొకడు గోడలోంచి దూరి ఇంకో భూమికి పోతాడు. అక్కడా తన ఊరే, తన వీధే. అక్కడి తను మాత్రం బట్టల కొట్లో గుమాస్తా. సైన్సు మాస్టర్నయి ఉండీ సిగ్గు లేకుండా నాలుగుసార్లు చదివాను.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పే జగన్నాధానికి చూపిస్తే నవ్వలేదు. అమెరికాలో ఒకాయన పదేళ్ళ కిందటే థియరీ రాశాడట. అణువు ముందు రెండు దారులుంటే రెండింట్లోనూ పోతుందట, దాంతో లోకమూ రెండుగా చీలుతుందట. ఎవరూ పట్టించుకోలేదట.

2-7-68
పాలు పోసే దాలయ్యకి బొమ్మలు చూపించి ఇదంతా చెప్పాను. వినేవాడు దొరికితే నాకు నోరాగదు. ఆ భూమ్మీద నువ్వూ ఉంటావు, నేనూ ఉంటాను, ఇక్కడ జరగనిది అక్కడ జరుగుతుందన్నాను. చాలాసేపు బొమ్మలు చూశాడు. అయితే ఆ బూమి నాదేనా బాబూ అన్నాడు. నీదే అన్నాను, నవ్వుతూ.

9-7-68
నా తెలివి మండిపోను. భూమంటే నాకు గోళం. దాలయ్యకి మడి. పదిహేనేళ్ళు కౌలుకి చేసిన రెండెకరాలూ కామందు గణపతిరావుగారు ఈ వేసవిలో లాక్కున్నారట. నాకు తెలీదు. నిన్న నాగలి కట్టి అందులోకే దిగాడట. బూమి నాదేనని మాస్టరుగోరు పుస్తకంలో సూపించినారు అన్నాడట అందరి ముందూ.

కొండల్లో గిరిజనుల గొడవలు మొదలైన దగ్గర్నుంచీ భూమి అన్న మాట వినబడితే చాలు పోలీసులకి. నిన్న సాయంత్రమే దాలయ్యని పట్టుకుపోయారు.

10-7-68, ఉదయం 11
ఇన్‌స్పెక్టరు స్కూలుకే వచ్చాడు. ఏం పుస్తకం చూపించావు, నీకెవరిచ్చారు అన్నాడు. పిల్లల బొమ్మల పుస్తకమండీ అని తీసి చేతిలో పెడితే సరిపోయేది. బీరువాలోనే ఉంది. హెడ్మాస్టరు నా మొహమే చూస్తున్నారు. నేనేమీ చూపించలేదు, పాలు పోయించుకోవడం తప్ప అతనెవరో తెలీదన్నాను. అయితే ఆ పుస్తకం కొండ మీంచే వచ్చిందన్నమాట అని రాసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం 2
పుస్తకం పొయ్యిలో పెట్టాను.

11-7-68
పిరికివాణ్ణి. నేను కాదనేసిన సంగతి ఊరందరికీ తెలిసిపోయింది.

14-7-68
దాలయ్య పోయాడు. లాకప్పులో గుండె ఆగిందట. నలభై ఏళ్ళుండవు. రోజూ రెండు బిందెల పాలు మోసే మనిషి. నాలుగు రోజులు టైముంది నాకు. స్టేషను ఫర్లాంగు దూరం. చెప్పులు వేసుకోవడం, విప్పుకోవడం. వెళ్ళలేదు.

3-8-68
దాలయ్య భార్య గురమ్మ వచ్చింది. గుమ్మం ఎక్కలేదు. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆ బూమ్మీదైతే మా మావ ఇంటికొచ్చేసుంటాడా బాబూ అని అడిగింది. వచ్చేసుంటాడన్నాను.

అయితే అక్కడి మాస్టరుగోరు నిజం సెప్పేసుంటారు, అంది.