ముందువరుసలో మూడో కుర్చీ

సోమవారం

పూజ్యులు ముందువరుస బాబాయిగారికి,

సాహిత్య కళా సమితి కార్యదర్శి నమస్కరించి రాస్తున్నది. మీరూ పిన్నిగారూ కులాసా అని తలుస్తాను.

వచ్చే నెల ఆఖరి ఆదివారం మన సమితి వార్షికసభ. చుట్టుపక్కల ఊళ్ల రచయితలు, చిత్రకారులు అందరూ వస్తారు. ఏటా ఒక రచయితని సన్మానిస్తాం కదా, ఈసారి అక్కడే చిక్కొచ్చింది. నవలాకారుణ్ణి సన్మానిస్తే కథకుడు సభకి రానన్నాడు. కథకుణ్ణి సన్మానిస్తే నవలాకారుడు వస్తానన్నాడు, అది ఇంకా ప్రమాదం. చివరికి మా అధ్యక్షులు బల్ల గుద్ది, "రాసేవాళ్లని వదిలేయండయ్యా, ఈసారి వినేవాణ్ణి సన్మానిద్దాం" అన్నారు. అందరూ ఒకేసారి మీ పేరే చెప్పారు. మా కార్యవర్గం ఒక్క మాట మీద నిలబడటం నేనిదే చూడటం.

తొమ్మిదేళ్లుగా ఒక్క సభ మానలేదు మీరు. ముందువరుసలో మూడో కుర్చీలో కూర్చుని ప్రతి వాక్యానికీ తల ఊపుతారు. పోయినేడు సంతాపసభలో రెండు నిమిషాలు మౌనం పాటించినప్పుడు కూడా మీరు తల ఊపుతూనే ఉన్నారట. మౌనంలో ఉన్న కవిత్వాన్ని కూడా వినగలిగిన మనిషి అని అధ్యక్షులు కళ్లు తుడుచుకున్నారు.

కార్యక్రమం: "నేను విన్న సాహిత్యం" మీద మీరు అరగంట మాట్లాడాలి. తర్వాత గంటసేపు ముఖాముఖి. హాల్లో ఏ మూలనుంచి ఎవరైనా లేచి ప్రశ్న అడగొచ్చు, మీరు జవాబు చెప్పాలి.

మీ అంగీకారం కోసం ఎదురుచూస్తూ,
కార్యదర్శి

తా.క.: మీ ఇంటికి నాలుగుసార్లు ఫోను చేశాను. పిన్నిగారు "ఆయన ఫోన్లో మాట్లాడరు, ఉత్తరం రాయండి" అన్నారు. ఈ రోజుల్లో ఇంత అక్షరనిష్ఠ ఎవరికుంది!


శుక్రవారం

చిరంజీవి కార్యదర్శిగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. చదివి మా ఇంటావిడ నవ్వింది. మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ నవ్వింది. ఎందుకో అడక్కండి.

నేను బడికి వెళ్లింది మూడో తరగతి దాకా. ఆపైన చదువంతా బట్టల మిల్లులోనే. మిల్లులో టైంకీపరు ఒకాయన ఉండేవాడు. ఆయనకి భార్యంటే భయం, ఇంటికి పుస్తకాలు పట్టుకెళ్లడానికి వీల్లేదు. చదవడం అవగానే నాకిచ్చేసేవాడు. అలా ఒకావిడ కోపం పుణ్యమా అని నాకు ఇంత చదువు అబ్బింది. ఎందుకు చెబుతున్నానంటే, అసలు సంగతి చెప్పడానికి నాకు మొహమాటంగా ఉంది.

సన్మానం వద్దు బాబూ. మీ వేదికకి ఏడు మెట్లు. నా కుడి మోకాలికి ఎక్కడం ఇష్టం లేదు, ఎడమ మోకాలికి దిగడం ఇష్టం లేదు. ఎక్కించినా అక్కడే ఉండిపోతాను. వేరేవాళ్లని చూసుకోండి.

మీ శ్రేయోభిలాషి

తా.క.: పోయిన సభకి ఎవరో నా కుర్చీని స్తంభం వైపు రెండడుగులు జరిపారు. ఆ సాయంత్రం నాకు ఒక్క ముక్క దక్కలేదు. దయచేసి దాన్ని దాని చోట ఉంచండి. అదొక్కటే నేను కోరే సన్మానం.


బుధవారం

పూజ్యులు బాబాయిగారికి నమస్కారాలు.

మీ మోకాళ్ల సంగతి కార్యవర్గంలో పెట్టాను. అందరూ చలించిపోయారు. మీరు వేదిక ఎక్కలేకపోతే వేదికే దిగిరావాలని తీర్మానించాం. వడ్రంగి వచ్చి కొలతలు తీసుకున్నాడు. ఈసారి వేదిక నేలమీదే. మధ్యలో మీ కుర్చీ, చుట్టూ జనం. ప్రశ్నలు ముందునుంచే కాదు, వెనకనుంచీ వస్తాయి!

ఇంకో శుభవార్త. మన డ్రాయింగు మాస్టారు ఈ సభ కోసం బొమ్మ వేస్తున్నారు. ఎనిమిదడుగుల క్యాన్వాసు. దానిమీద ఒకటే చెవి, అది మీ ఎడమ చెవి. మూడు సభల్లో మీ పక్కన కూర్చుని రహస్యంగా గీసుకున్నారట. దాన్ని గేటు దగ్గర నిలబెడతాం. కింద "ఊరి చెవి" అని పెద్దక్షరాలు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: ఇది కార్యదర్శిగా రాస్తున్నది కాదు, షార్ట్‌హ్యాండ్ మాస్టారిగా నేను రాస్తున్నది. ఈ తొమ్మిదేళ్లలో మీ ఎదుట ముప్పైకి పైగా కవితలు చదివాను. మీరు అందరికీ తల ఊపారు. నవలాకారుడికి ఊపారు. ఇన్సూరెన్సు గురించి మాట్లాడిన వక్తకీ ఊపారు. నాకు మాత్రం ఒక్కసారీ ఊపలేదు. నా వంక చూస్తూ రాయిలా కూర్చుంటారు. తప్పుగా అనుకోకపోతే, కారణం చెబుతారా?


సోమవారం

చిరంజీవికి,

ఆ చెవి బొమ్మ ఆపించండి! మీకు దణ్ణం పెడతాను. నా చెవికి ఆ గౌరవం తగదు. కావాలంటే ముక్కు వేసుకోమనండి. నా ముక్కు ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.

మోకాళ్లు కాస్త నయమే. గొంతే పూర్తిగా పోయింది. మిల్లులో దూది దుమ్ము ముప్పైతొమ్మిదేళ్లు మింగాను, అదిప్పుడు లెక్క తేల్చుకుంటోంది. అరగంట కాదు కదా, అర నిమిషం మాట్లాడలేను. మా ఇంటావిడ "ఈ అబద్ధం రాసేముందు నన్ను అడగాల్సింది, ఇంతకంటే మంచిది చెప్పేదాన్ని" అంటోంది. ఆ మాట పట్టించుకోకండి.

మీరు హాలు ఊడ్చే ఆవిడని సన్మానించకూడదూ? ఆవిడ తలుపు దగ్గర నిలబడి అన్నీ వింటుంది. మీ నవలాకారుడు చదువుతుంటే చీపురు పట్టుకుని ఆయన వెనకాలే తయారవడం నేను కళ్లారా చూశాను. విమర్శ అంటే అది.

మీ శ్రేయోభిలాషి

తా.క.: మీ కవితల సంగతి అడిగారు. అది ఉత్తరంలో రాసే విషయం కాదు. ఎప్పుడైనా ఎదురెదురుగా కూర్చున్నప్పుడు చెబుతాను.


గురువారం

బాబాయిగారికి,

"ఉత్తరంలో రాసే విషయం కాదు" అన్నారు. మూడు రోజులుగా ఆ మాట తప్ప నాకు ఇంకేం తోచడం లేదు. క్లాసులో వ్యాపార లేఖకి బదులు నా కవితే డిక్టేషన్ చెప్పేశానట. ఆరుగురు అమ్మాయిలు తప్పు లేకుండా దింపారు. ఒకమ్మాయి కింద "తమ విధేయుడు" అని కూడా చేర్చింది. ఎవరికీ అందులో తేడా కనపడలేదు.

నవలాకారుడు ఎప్పుడూ అంటుంటాడు, "నీ కవిత వింటుంటే పెన్సిలు వెతుక్కోవాలనిపిస్తుందోయ్" అని. తప్పు నాదే. ఇరవై రెండేళ్లుగా డిక్టేషన్ చెప్పి చెప్పి, తల ఎత్తి, ఒక్కో మాటా విడదీసి, నోరు బార్లా తెరిచి చదవడం అలవాటైపోయింది. మిగతావాళ్లు కాగితంలో ముఖం దూర్చి ఎంత ఆర్ద్రంగా చదువుతారు!

మీ గొంతుకి ఏర్పాటు చేశాం. ప్రసంగం రాసిస్తే మన సమితిలో నాటకాలాడే ఆయన చదువుతారు. ముఖాముఖిలో మీరు ఒకటి రెండు మాటలంటే చాలు. చెవి బొమ్మ ఆగదు, రంగు కూడా ఆరిపోయింది. అందరూ వచ్చి చూసి పోతున్నారు.

నా అనుమానం మాత్రం వేరు. మీరు మోకాలంటున్నా, గొంతంటున్నా, అసలు కారణం నేను. నా కవితలు భరించిన చోట సన్మానం పుచ్చుకోవడం మీకు ఇష్టం లేదు. అందుకే ఆ రోజు జరిగే కవిసమ్మేళనం జాబితాలోంచి నా పేరు కొట్టేశాను. సభ అయ్యాక కార్యదర్శి పని కూడా వదిలేస్తాను. ఇప్పుడైనా వస్తారా?

కార్యదర్శి (ప్రస్తుతానికి)

తా.క.: కొత్త కవిత ఒకటి రాశాను. చింపేశాను. మళ్లీ అతికించాను. మళ్లీ చింపడానికి మనసొప్పడం లేదు.


శనివారం

ఒరే అబ్బాయ్,

ఇంక మీరూ గీరూ లేదు. నిజం చెప్పేస్తున్నాను, కూర్చుని చదువు.

నాకు చెవులు వినపడవు.

మగ్గాల గదిలో మూడొందల మగ్గాలు ఒకేసారి ఆడేవి. మీదకి విమానం వచ్చినా తెలిసేది కాదు. చెవులు కొంచెం కొంచెంగా అరిగిపోయి, తొమ్మిదేళ్ల కిందట పూర్తిగా సెలవు తీసుకున్నాయి. చెవికి మిషను పెట్టించారు. పెట్టుకుంటే మళ్లీ మూడొందల మగ్గాలూ చెవిలోకొచ్చాయి. తీసి బొత్తాల డబ్బాలో పడేశాను.

కానీ ఆ గదిలో పనిచేసినవాళ్లం అందరం పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్లం. మా ఇంటావిడ అక్కడే నూలు చుట్టేది. మేం ఇప్పటికీ గొంతు లేకుండానే పోట్లాడుకుంటాం. ఇంత అన్యోన్యమైన జంటని చూడలేదని పక్కింటివాళ్లు అంటుంటారు. నాకు తెలిసిన బూతులన్నీ ఆవిడ పెదవులమీద చూసి నేర్చుకున్నవే.

అందుకే ఆ మూడో కుర్చీ. అక్కణ్ణుంచి చదివేవాడి నోరు తిన్నగా కనపడుతుంది. వెనకనుంచి ఎవడైనా ప్రశ్న అడిగితే నాకు వాడున్నట్టే తెలీదు. "బాబాయిగారూ, తమకిష్టమైన రచన ఏది?" అంటే, అందరూ నా వంక చూస్తున్నారు కదాని నేను నవ్వుతూ తల ఊపుతాను. వాడు మళ్లీ అడుగుతాడు, నేను మళ్లీ ఊపుతాను. ఎనిమిదడుగుల చెవి కింద!

మిల్లులో చెవులు పోయాయని తెలిసినవాణ్ణి మగ్గం దగ్గర్నుంచి తీసి గోడౌన్లో కూర్చోబెట్టేవాళ్లు, జాలిపడి. ఇక్కడా అదే అవుతుంది. "పాపం తాతగారికి వినపడదు, వెనక ఫ్యాను కింద చల్లగా కూర్చోబెట్టండి" అంటారు. వెనక్కి వెళ్తే నాకు నోళ్లు కనపడవు. నోళ్లు కనపడకపోతే నాకు సాహిత్యం లేదు, ఇంట్లో గోడలే. దాచింది అందుకు. ఎవరికీ చెప్పకు.

ఇక నీ కవితల సంగతంటావా, ఇన్‌లాండ్ కవరులో చోటైపోయింది, ఈ అంచుమీద ఇంకో ముక్క పట్టదు

బాబాయి


మంగళవారం

బాబాయిగారికి,

మీ రహస్యం నా దగ్గర భద్రం. ఉత్తరం షార్ట్‌హ్యాండ్ పుస్తకాల మధ్య దాచాను. అక్కడికి ఎవరూ రారు.

సన్మానం ఆగదు, ఆదివారమే సభ. కానీ ముఖాముఖి పద్ధతి మార్చేశాను. ప్రశ్నలన్నీ చీటీలమీద రాసి పెట్టెలో వేయాలి. "బాబాయిగారు అక్షరప్రియులు, నోటిమాట ఆయనకి రుచించదు" అని ప్రకటించాను. కార్యవర్గం చప్పట్లు కొట్టింది. ఫోను ముట్టని మనిషి కదా, ఎవరికీ అనుమానం రాలేదు. మీ కుర్చీ చుట్టూ నేలమీద సుద్దముక్కతో గీత గీశాను. జరపడం ఎవరి తరమూ కాదు.

మీ గండం గడిచింది. నాదే మిగిలింది.

నిన్నటిదాకా మీరు విని తల ఊపడం లేదనుకున్నాను. ఇప్పుడు తేలిందేమిటి? వినపడకుండానే అందరికీ తల ఊపారు, ఊరికే మర్యాదకి. ఆ మర్యాద కూడా నాకు దక్కలేదు. వినపడని మనిషి కూడా తల ఊపలేనంత ఘోరంగా ఉందన్నమాట నా కవిత్వం! చెవులున్నవాళ్లు ఎంత కష్టపడ్డారో పాపం.

మీమీద కోపం లేదు. నా పేరు జాబితాలో చేర్చను. ఆ రోజు తలుపు దగ్గర చీటీల పెట్టె పట్టుకుని నిలబడతాను.

ఇట్లు,
చీటీల పెట్టె

తా.క.: అతికించిన కవిత హాలు ఊడ్చే ఆవిడకి వినిపించాను. చీపురు కిందపెట్టి విన్నది. కాళ్లు నొప్పులేమో.


గురువారం (ఈ ఉత్తరం మా ఇంటావిడ స్వయంగా తెచ్చి నీ చేతికిస్తుంది. పోస్టుని నమ్మే పరిస్థితి కాదిది.)

ఒరే వెర్రినాయనా,

ఇన్‌లాండ్ కవరులో చోటైపోవడం ఎంత ప్రమాదమో నాకిప్పుడు తెలిసింది. ఈసారి తెల్లకాగితాలు నాలుగు తీసుకున్నాను.

మగ్గాల గదిలో మేస్త్రీ వచ్చి ఏదో చెప్పేవాడు. మా వైపు తిరిగి చెబితే అర్థమయ్యేది, వెళ్లి ఆ పని చేసేవాళ్లం. అటు తిరిగో, చెయ్యి అడ్డంపెట్టుకునో చెబితే ఒక్క ముక్క తెలిసేది కాదు. ఏమన్నావని అడిగితే తిడతాడు. అందుకని తల ఊపేవాళ్లం. ముప్పైతొమ్మిదేళ్ల అలవాటు. అర్థం కానిచోట నా తల దానంతటదే ఊగుతుంది. అర్థమైనచోట ఊగడానికి దానికి తీరికెక్కడిది, వినే పని ఉంటుంది కదా!

మీ నవలాకారుడు కాగితంలో ముఖం దూర్చి చదువుతాడు. తొమ్మిదేళ్లలో నేను చూసింది ఆయన బట్టతల ఒక్కటే. ఊపాను. కథకుడు మైకుని మింగేస్తాడు, ఊపాను. అధ్యక్షులకి మీసం అడ్డం, ఊపాను.

తల ఎత్తి, నా వంక చూసి, ఒక్కో మాటా విడదీసి, నోరు బార్లా తెరిచి చదివేవాడు మీ సభలో ఒక్కడే ఉన్నాడు. వాడు డిక్టేషన్ చెబుతాడని అందరూ నవ్వుతారని నువ్వు రాసేదాకా నాకు తెలీదు. నవ్వులు నాకు వినపడవు కదా.

తొమ్మిదేళ్లలో నేను విన్న సాహిత్యమంతా నువ్వేరా అబ్బాయ్.

నమ్మకం లేదా? మీ అమ్మ గొడుగు మీద కవిత చదివావు, రెండేళ్లయింది. తలుపు వెనక గొడుగు వేలాడుతోంది, ఆవిడ పోయి ఆర్నెల్లైనా దాని కొసనుంచి ఇంకా వాన కారుతోందన్నావు. ఆ రోజు ఇంటికెళ్లి మా ఇంటావిడకి అప్పజెప్పాను, గొంతు లేకుండా, పెదవులతో. ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఆ పిల్లాడికి ఈ సంగతి చెప్పావా?" అంది. చెబితే నా చెవుల సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను. నా కుర్చీ కాపాడుకోవడానికి నిన్ను తొమ్మిదేళ్లు ఏడిపించాను. తప్పు నాదే.

ఆదివారం నీ పేరు జాబితాలో ఉండాలి. లేకపోతే నేను రాను. వచ్చి ఏం వినను, ఎవణ్ణి వినను? ప్రసంగం నాటకాలాయన వద్దు, నేనే మాట్లాడతాను. గొంతు బ్రహ్మాండంగా ఉంది. అరగంట చాలదు కూడా.

ఆశీస్సులతో,
బాబాయి

తా.క.: నేను తల ఊపితే ఏమిటో, ఊపకపోతే ఏమిటో మిగతావాళ్లకి చెప్పకు. ఈ వయసులో నవలాకారుడు తట్టుకోలేడు.

రెండో తా.క.: సన్మానపత్రం నువ్వే చదువు. అధ్యక్షులు చదివితే అందులో ఏముందో నాకు జన్మలో తెలీదు.

మూడో తా.క.: గొడుగు కవితలో చివరి నాలుగు పంక్తులు అనవసరం, తీసెయ్. విన్నవాడిగా చెబుతున్నాను. ఆదివారం ఆ అతికించినదాన్ని తీసుకొచ్చి నా ఎదురుగా నిలబడి చదువు. నా తల కదిలిందంటే మాత్రం ఆపేసి, మళ్లీ మొదటినుంచి చదువు.