ప్రముఖుల్లోంచి నా పేరు తీసెయ్యి

న్యూ హోల్మ్, టార్బెల్ కౌంటీ
9 మార్చి 1998

టార్బెల్ కౌంటీ చరిత్ర సంఘం అధ్యక్షురాలు శ్రీమతి ఆర్డిస్ కీల్ గారికి,

లియోటా బ్రాండ్‌వోల్డ్ రాయునది. మీరూ మీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను. నేను మొన్న శనివారం దాకా క్షేమంగానే ఉన్నాను. ఆ రోజు మీరు పంపిన పుస్తకం ప్రూఫులు వచ్చాయి.

ఇక్కడితో మర్యాద సరి. ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నదాన్ని ‘గారు’ అని రాయడానికి నా చెయ్యి రావడం లేదు. సూటిగా అడుగుతున్నాను ఆర్డిస్, ఈ కౌంటీ చరిత్ర రాయమని నీకెవరు చెప్పారు?

మొదటి పేజీలోనే మీ తాత న్యూ హోల్మ్ పట్టణాన్ని ‘దూరదృష్టితో స్థాపించాడు’. ఆయన ఒరెగాన్ వెళ్తుంటే బండి ఇరుసు విరిగి ఇక్కడ ఆగిపోయాడని, కొత్తది వచ్చేలోగా చలికాలం వచ్చిపడిందని మా నాన్నమ్మ చెప్పేది. ఇరుసు గట్టిదైతే ఆ మహానుభావుడు ఒరెగాన్‌లో స్థాపించి ఉండేవాడు. పోనీ, అది నవ్వుకోడానికి పనికొస్తుంది. ‘మన ప్రముఖులు’ అధ్యాయంలో నీ మొగుడు ఆర్లోకి రెండు పేజీలు, కౌంటీ సంతలో పెద్ద గుమ్మడికాయకి మూడేళ్లు వరసగా బహుమతి కొట్టినందుకు. ఆ కాయల్ని పెంచింది నువ్వేనని ఊరందరికీ తెలుసు. అదీ నీ ఇష్టం.

నా గొడవ నూట పన్నెండో పేజీతో. యాభై రెండు జనవరిలో వచ్చిన మంచు తుఫాను గురించి ఏం రాశావు? ‘ముందే ఫోను చేసి హెచ్చరించినా లక్ష్యపెట్టక, పంతులమ్మ మిస్ ఫెన్‌స్కీ పిల్లల్ని ఇళ్లకు వదిలేసింది. ఆమె నిర్లక్ష్యానికి ఎనిమిదేళ్ల మేవిస్ బలైపోయింది.’ మేవిస్ నీ చెల్లెలు. కంచె పక్కన బిగుసుకుపోయి దొరికిన పిల్లను మీ నాన్న ఎత్తుకుని రావడం నేనూ చూశాను. నీ దుఃఖాన్ని నేను కాదనను. దుఃఖం ఉంది కదా అని ఏది పడితే అది అచ్చు వేస్తావా?

మిస్ ఫెన్‌స్కీకి అప్పుడు ఇరవై రెండేళ్లు. విచారణలో ఆ పిల్ల ఒకే ఒక్క మాట అంది. “నాకు ఫోను రాలేదు.” ఎన్నిసార్లు తిప్పి తిప్పి అడిగినా అదే. నమ్మినవాడు ఒక్కడూ లేడు. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవాళ్లు కాదు. ఆమె కొట్లోకి వస్తే మీ అమ్మ సరుకులు అక్కడే వదిలేసి బయటికి వచ్చేసేది. మంచు కరగకముందే పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఎక్కడా పాఠం చెప్పలేదు. నలభై ఏళ్లు పరాయి ఊళ్లో లాండ్రీలో దుప్పట్లు మడిచింది.

ఆ వాక్యం తీసెయ్యమని నిన్న చర్చి మెట్ల మీద అడిగితే నువ్వేమన్నావు? విచారణ కాగితాలున్నాయి, కాగితం అబద్ధమాడదన్నావు. పైగా ఆవిడ కూడా ఒక ప్రతి కావాలని ఉత్తరం రాసిందని, తన పేరు చూసుకుని మురిసిపోతుంది కాబోలని నవ్వావు. ముసలితనంలో ఒక మనిషి తాను పాఠం చెప్పిన ఊరి పుస్తకం చూడాలనుకుంటే నీకు నవ్వొచ్చింది. నీది నరం లేని నాలుక ఆర్డిస్. చిన్నప్పటినుంచీ అంతే.

ఇక రెండో సంగతి. అదే పేజీ కింద నా ఫోటో వేసి నన్నూ ప్రముఖుల్లో చేర్చావు. ‘ఫోను చేసి పిల్లల్ని కాపాడబోయిన సాహస బాలిక’ అట. పదిహేడేళ్ల గాడిదని పట్టుకుని బాలికంటావేం? అసలు నిన్నెవరడిగారు? నా పేరు తీసెయ్యి, ఆ వాక్యం కూడా తీసెయ్యి. శుక్రవారం పుస్తకం అచ్చుకి వెళ్తోందన్నావు. గురువారం లోపల ఆ రెండూ పోవాలి. లేకపోతే నీ పుస్తకం విడుదల రోజున అందరి ముందూ నిలబడి నీ పరువు తీస్తాను.

నీ స్నేహితురాలు అని రాయడానికి మనసొప్పక,
లియోటా

తా.క. నిన్న కవరు అంటించి, ఇవాళ మళ్లీ చింపాను.

నేను ఫోను చెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం మా నాన్న రేడియోలో తుఫాను సంగతి విన్నాడు. పిల్లల్ని బడిలోనే ఉంచమని పంతులమ్మకి ఫోను చెయ్యమని నాకు చెప్పి, పశువుల కోసం పరుగెత్తాడు. అప్పట్లో మన పదకొండు ఇళ్లకూ బడికీ కలిపి ఒకటే తీగ, ఎవరెత్తినా అందరి మాటలూ వినబడేవి. నేను ఎత్తేసరికి లైన్లో నువ్వూ ఆర్లో మాట్లాడుకుంటున్నారు. అవసరం, లైను వదలండి అంటే ఎవరైనా వదలాల్సిందే. కానీ నువ్వప్పుడు నా గురించే చెబుతున్నావు. “లియోటా పక్కన నిలబడితే పేడ కంపు. దాన్ని డాన్సుకి ఎవడు పిలుస్తాడు?” అన్నావు. ఆర్లో పగలబడి నవ్వాడు. వాడు పిలుస్తాడనే నేను గౌను కుట్టుకుంటున్నాను.

నోరు విప్పితే నేను విన్నానని మీకు తెలిసిపోతుంది. ఆ లైన్లో చాటుగా వినడం అందరూ చేసేదే, దొరికిపోతేనే సిగ్గు. ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని పావుగంట విన్నాను. మీరు పెట్టేశాక బడికి తిప్పాను, ఎవరూ ఎత్తలేదు. అప్పటికే పిల్లలు దారిలో ఉన్నారు. నాన్న వచ్చి అడిగితే, “చెప్పాను, ఆవిడ వినిపించుకోలేదు” అన్నాను. విచారణలో బైబిలు మీద చెయ్యి పెట్టి అదే అన్నాను.

అంతా నీ నోటివల్లే జరిగిందని నలభై ఆరేళ్లు నిన్ను తిట్టుకుంటూ బతికాను. నువ్వన్నది పిల్లల మాట. ప్రాణం తీసింది నా సిగ్గు. నీ పేడ కంపు మాట ఇప్పటికీ చెవిలో మోగుతుంది, మేవిస్ గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తురాదు.

నువ్వు నమ్ముకున్న కాగితంలో అబద్ధం నాది. ఈ నాలుగు ముక్కలూ నూట పన్నెండో పేజీలో నా పేరుతో వెయ్యి. ఊరి పరువని, సంఘం పరువని దాచిపెట్టాలని చూడకు. ఇదే సంగతి వేరే కాగితం మీద రాసి, ఈ పొద్దునే మిస్ ఫెన్‌స్కీకి పోస్టు చేశాను.